గోదావరి డెల్టాలో పాతకారుకు ఏ కవరు మంచిది: నాలుగు రకాల మీద సమీక్ష

వానలు వెనకబట్టిన నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా డెల్టాలో పాతబళ్ళు ఎక్కువగా కవరు కిందే ఉంటాయి. సంక్రాంతికి ఒకసారి, మాఘమాసం పెళ్ళిళ్ళకు ఒకటి రెండుసార్లు అంబాసిడరో పద్మినో బయటికి తీస్తారు. మిగతా రోజులన్నీ షెడ్డులోనే. అసలు నష్టం ఆ నాలుగు నెలల్లోనే జరుగుతుంది. రోజూ తిరిగే కారుకు పట్టని తుప్పు, నీడలో కవరు కప్పుకుని నిలబడ్డ కారుకు పడుతుంది. చాలాసార్లు అందుకు కారణం ఆ కవరే.

చలిదేశాల్లో చలికాలం కారు దాస్తారంటే, రోడ్ల మీద మంచు కరగడానికి చల్లే ఉప్పు నుంచి దాన్ని తప్పించడానికి. మనకు రోడ్ల మీద ఉప్పు ఎవరూ చల్లరు. అంతర్వేది, ఓడలరేవు, నరసాపురం, మొగల్తూరు వైపు అది గాలిలోనే వస్తుంది. గాలిలో తేమ 75 శాతం దాటిందంటే ఉప్పు తనంతట తానే నీరు లాక్కుని కరుగుతుంది. పొగమంచు పట్టిన తెల్లవారుజామున తేమ అంతకంటే ఎక్కువే ఉంటుంది. అంటే ఒక్క వానచుక్క పడకపోయినా రేకు మీద ఉప్పునీటి పొర తయారవుతుంది. అందుకే కవరు ఎంత నీటిని ఆపుతుందన్న లెక్క ఇక్కడ పెద్దగా పనికిరాదు. లోపలి ఆవిరిని ఎంత బయటికి వదులుతుందన్నదే చూడాలి. వాన ఆపడం ఇంటికప్పు పని. కవరు పని దుమ్ము ఆపడం, గాలి ఆడనివ్వడం. ఈ సమీక్షలో రకాలను తూచింది ఆ లెక్కతోనే.

ముందుగా అందరికీ తెలిసిన వెండిరంగు కవరు. ఏ ఊళ్ళో స్పేర్‌పార్ట్స్ షాపుకు వెళ్ళినా తీగకు వేలాడుతూ ఉంటుంది. సుమారు 800 నుంచి 1,500 రూపాయల్లో దొరుకుతుంది. పల్చటి పాలియెస్టర్ గుడ్డకు ఒకవైపు వెండిరంగు పూత వేసి దీన్ని తయారుచేస్తారు. చెట్టుకింద రెండు రోజులు నిలబెట్టే కొత్తకారుకు ఫరవాలేదు, పాతకారుకు నెలల తరబడి కప్పడానికి మాత్రం పనికిరాదు. పొగమంచు పడిన రోజు ఉదయం 7 గంటలకు దీని అంచు ఎత్తి లోపలివైపు అరచెయ్యి రాస్తే విషయం అర్థమవుతుంది. చెయ్యి తడిసిపోతుంది. బానెట్ మీద ఆవగింజలంత నీటిబొట్లు వరసగా నిలిచి ఉంటాయి. డోరు పైన వాననీరు జారడానికి ఉన్న సన్నటి గాడిలో అవి కలిసి, గాడి చివరినుంచి ఒక్కొక్కటే కారుతుంటాయి. ఆ చుక్క పడే చోటే ఏడాది తిరిగేసరికి రంగు బుడగ లేస్తుంది. బుడగను గోటితో గిల్లితే కింద ఎర్రటి పొడి.

ఇంత నీరు ఎక్కడిదంటే, సగం కింది నేలనుంచే వస్తుంది. రాత్రి రేకు గాలికంటే ముందు చల్లబడుతుంది. నేలలోంచి లేచిన ఆవిరి కవరు లోపల చిక్కుకుని ఆ చల్లటి రేకు మీద వాలుతుంది. పూత ఉన్న గుడ్డ దాన్ని బయటికి పోనివ్వదు. ఎండెక్కితే అదే నీరు మళ్ళీ ఆవిరై, రాత్రికి మళ్ళీ రేకు మీదే చేరుతుంది. మన ఎండకూ చెమ్మకూ ఆ పూత కూడా నిలవదు. కొన్నాళ్ళకు జిగురెక్కుతుంది, తర్వాత పొలుసులుగా రాలుతుంది. వెండిపూత బయటికి ఉండేలా కప్పినవాళ్ళకు గుడ్డ చీలిపోతే, లోపలికి ఉండేలా తిరగేసి కప్పినవాళ్ళకు ఆ పొలుసులు రంగుకే అంటుకుంటాయి.

రెండోది ప్లాస్టిక్ పూత కవర్లు. వడ్లమీద కప్పే బరకాన్నే కారు మీద వేసేవాళ్ళను కూడా ఇక్కడే కలపాలి. వీటిలో పీవీసీ అస్తరు ఉన్న రకాన్ని పాత రంగు మీద అసలు వెయ్యకండి. ప్లాస్టిక్‌ను మెత్తగా ఉంచడానికి అందులో కలిపే నూనెలాంటి రసాయనం వేడికి మెల్లగా బయటికి వస్తుంది. పాతబళ్ళ మీద ఉండే సెల్యులోజ్ రంగు దానికి మెత్తబడుతుంది. కవరు మడత ఎక్కడ ఆనిందో అక్కడ, మడత ఆకారంలోనే మచ్చ పడుతుంది. పాలిష్‌తో అది పూర్తిగా పోదు. బరకానికి ఆ రసాయనం బెడద తక్కువేగాని ఆవిరి విషయంలో వెండికవరుకంటే అన్యాయం. పైగా అది గరుకు. తుపాను హెచ్చరిక వచ్చి, కప్పులేని చోట కారు ఉండిపోయి, ఒక్కరాత్రి గడపాలంటే అప్పుడు బరకం వాడొచ్చు. కింద మెత్తటి దుప్పటి పరిచి పైన బరకం కట్టాలి. వాన ఆగిన పూటే తీసెయ్యాలి.

తుపాను మాట వచ్చింది కాబట్టి ఇంకొకటి. గాలి బాగా కొట్టే రోజున వదులుగా ఉన్న కవరు ఏదైనా సరే, ఉండటంకంటే లేకపోవడమే మేలు. అది తెరచాపలా నిండి, ఆగకుండా రంగును కొడుతూనే ఉంటుంది. మూలల్లో రంగు రేకు దాకా అరిగిపోతుంది. ఆ రోజు కవరు గురించి ఆలోచించేముందు కారును కొబ్బరిచెట్ల కిందనుంచి తీసి మెరక మీద పెట్టండి. కొబ్బరికాయ దెబ్బను ఏ కవరూ ఆపలేదు.

మూడోరకం, నాన్‌ఓవెన్ గుడ్డతో, అంటే మగ్గం మీద నెయ్యని గుడ్డతో, మూడు, నాలుగు పొరలుగా చేసిన కవర్లు. ధర సుమారు 2,500 నుంచి 5,000 దాకా. పైనా కిందా పాలీప్రొపిలీన్ పోగులను వేడితో అతికించిన పొరలు, మధ్యలో కంటికి కనపడని రంధ్రాలున్న సన్నటి పొర. నీటిబొట్టు ఆ రంధ్రంలో పట్టదు, ఆవిరి పడుతుంది. చెప్పినట్టుగా నిజంగా చేసిన కవరైతే ఇది మంచిదే. రేకులషెడ్డు, మూడుపక్కలా గోడలేని వసారా లాంటి చోట్ల తుంపర నుంచి కాపాడుతూ ఆవిరిని కూడా వదిలేది ఇదొక్కటే. చిక్కేమిటంటే మధ్యపొర లేకుండా పైపొరలనే మూడువరసలు పెట్టినవీ, మధ్యలో మామూలు పాలిథీన్ పెట్టినవీ అదే పేరుతో, అదే ధరకు అమ్ముడవుతాయి. చూడటానికి తేడా ఉండదు. గుడ్డకు నోరు ఆనించి ఊదమని కొందరు చెబుతారు. ఆ పరీక్ష తప్పుదారి పట్టిస్తుంది. మంచి పొర కూడా ఊదిన గాలిని అడ్డుకుంటుంది, ఆవిరినే వదులుతుంది. సరైన పరీక్ష వేరే ఉంది. పొగలు కక్కే నీళ్ళు సగం గ్లాసు పోసి, కవరుతో వచ్చే సంచిగుడ్డనో అంచునో మూతికి బిగించి కట్టండి. దానిపైన చల్లటి స్టీలు పళ్ళెం బోర్లించండి. రెండు నిమిషాల్లో పళ్ళెం మసకబారితే ఆవిరి దాటుతున్నట్టు. పళ్ళెం పొడిగా ఉండి గుడ్డ లోపలివైపు తడిస్తే అది పాలిథీనే. సంచి వేరే గుడ్డతో కుట్టి ఉండొచ్చు కాబట్టి కవరు అంచుతోనే చూడటం మంచిది. షాపువాళ్ళు ఒప్పుకోకపోతే, తిరిగి తీసుకుంటారో లేదో ముందే అడిగి తెచ్చుకుని ఇంట్లో చూడండి.

ఈ రకానికి ఎండ శత్రువు. ఎండలో వదిలేసిన యూరియా బస్తా పట్టుకుంటే పొడిపొడిగా రాలిపోవడం ప్రతి రైతుకూ తెలుసు. ఇదీ అదే పదార్థం. ఆరుబయట వాడితే వేళ్ళకు తెల్లటి నూగు అంటుకోవడం మొదలవుతుంది. ఆ నూగు కనపడిన రోజే కవరు మార్చాలి. నీడలో అయితే చాలా ఏళ్ళు వస్తుంది.

నాలుగోది, డెల్టాలో కప్పుకింద ఉండే కారుకు మొదటి మార్కు ఇవ్వాల్సింది, నూలుగుడ్డ కొని దర్జీతో కుట్టించిన కవరు. నూలు తేమను పీల్చి, గాలి తగలగానే వదిలేస్తుంది. రేకు మీద బొట్టు నిలవనివ్వదు. రంగుకు ఏమీ అంటించదు. చిరిగితే మన ఊళ్ళోనే అతుకు వేయించుకోవచ్చు. ఇది నీటిని ఆపదు. అది తెలిసే తీసుకోవాలి.

గుడ్డ 150 నుంచి 200 జీఎస్ఎం (చదరపు మీటరుకు తూగే గ్రాములు) మధ్య ఉంటే చాలు. అంతకంటే దళసరిదైతే ఉదయం పీల్చిన తేమ సాయంత్రానికి ఆరదు. రంగువేసిన గుడ్డ వద్దు, చెమ్మకు రంగు దిగి తెల్ల అంబాసిడర్ మీద మరకలు పడతాయి. రంగూ చలవా లేని కోరా గుడ్డే మంచిదిగాని దాన్ని కుట్టకముందు రెండుసార్లు ఉడుకునీళ్ళలో ఉతకాలి. మగ్గం మీద పట్టించిన గంజి గుడ్డలో ఉండిపోతే బూజుకూ బొద్దింకలకూ అదే తిండి. పత్తిగింజల పొట్టు కూడా నల్లగా చిన్న చుక్కల్లా గుడ్డలో కనిపిస్తుంది. వేలితో తడిమితే గుచ్చుకుంటుంది. ఆ చుక్కలు లోపలివైపు ఉంటే రంగు మీద వెంట్రుకంత గీతలు పడతాయి. రెండో ఉతుకులో చాలావరకు పోతాయి, మిగిలినవి గోటితో తీసెయ్యాలి. ఉతికితే గుడ్డ కుంగడం కూడా అయిపోతుంది.

కొలతలు చూద్దాం. అంబాసిడర్ సుమారు 4.3 మీటర్ల పొడవు, 1.66 మీటర్ల వెడల్పు, 1.6 మీటర్ల ఎత్తు. 58 అంగుళాల పన్నా గుడ్డ తీసుకుంటే రెండు పక్కలకూ చెరి 4.5 మీటర్లు. ముందు బంపరు కిందనుంచి బానెట్, అద్దం, టాపు, డిక్కీ మీదుగా వెనక బంపరు కిందికి నడుమ పట్టీ 6.5 మీటర్లు. మొత్తం 15.5. కుంగుదలకూ అతుకులకూ కలిపి 17 మీటర్లు కొనండి. పద్మినికి 15 సరిపోతాయి. టాపు నడినెత్తిన కుట్టు రాకూడదు. కుట్లన్నీ కిటికీల పైఅంచు దగ్గర, పక్కలకు వాలిన చోట రావాలి. అంచులు లోపలికి మడిచి రెండు వరసలు వేయించండి. ఇక్కడ దారం మాత్రం పాలియెస్టర్‌దే కావాలి, నూలుదారం చెమ్మకు త్వరగా పుచ్చుతుంది. ముందూ వెనకా అంచుల్లో అంగుళం వెడల్పు ఎలాస్టిక్, నడుమ రెండుచోట్ల కారు కిందనుంచి కట్టుకునే నాడాలు. ఇనప బకిల్స్, జిప్పులు వద్దు. బయటి పక్క అద్దాలకు జేబులు కూడా అక్కర్లేదు, గుడ్డ కాస్త వదులుగా ఉంటే చాలు.

కుట్టు ఎంత బాగున్నా కవరు చిరిగేది నాలుగైదు చోట్లే. అంబాసిడర్‌కు బంపర్ల మీద నిలువుగా ఉండే కొమ్ములు, బానెట్ ముందున్న నికెలు బొమ్మ, డోరు పిడులు. పద్మినికైతే వెనక మడ్‌గార్డుల మీద లేచి ఉండే రెక్కల కొసలు. ఈ చోట్ల లోపలివైపు జానెడు జానెడు ఫ్లానల్ ముక్కలు రెండు మడతలు వేసి కుట్టించాలి. ముక్కలు ఎక్కడ రావాలో గుడ్డను కారు మీద పరిచి సుద్దతో గుర్తుపెట్టుకున్నాకే దర్జీకి ఇవ్వండి.

రెడీమేడ్ కొనేవాళ్ళు కూడా కొలత దగ్గరే మోసపోతారు. "డిజైర్ సైజు అంబాసిడర్‌కు వచ్చేస్తుందండీ" అంటారు. రాదు. డిజైర్ నాలుగు మీటర్లకు లోపు, ఎత్తూ తక్కువే. లాగి తొడిగితే ఎలాస్టిక్ బంపరు మీదే ఆగుతుంది, అక్కడ నికెలు అరుగుతుంది. అదే కవరు పద్మినికి వెడల్పు ఎక్కువై రెపరెపలాడుతుంది. మోడల్ పేరు చెప్పకుండా పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ చెప్పి అడగండి.

గాలితో ఉబ్బే బుడగలాంటి కవర్లు కూడా ఈమధ్య అడుగుతున్నారు. ఫ్యాను ఆగకుండా తిరగాలి, కరెంటు పోతే బుడగ కారు మీద వాలిపోతుంది. అది ఊదేది కూడా బయటి చెమ్మగాలినే. గాలి కదులుతుంది కాబట్టి బొట్టు నిలవదు, అంతవరకే మేలు. కరెంటుకు ఆధారం లేనివాళ్ళు దాని జోలికి వెళ్ళొద్దు.

కవరుకంటే ముందు నేల, కప్పు సరిచూడాలి. మన నల్లరేగడి కాలవనీటిని నెలల తరబడి పట్టి ఉంచుతుంది. మట్టినేల షెడ్డులో మంచి కవరు కూడా ఓడిపోతుంది. 200 మైక్రాన్ల పాలిథీన్ పట్టాను కారుకంటే నాలుగుపక్కలా రెండడుగులు ఎక్కువ ఉండేలా పరిచి, టైర్ల కింద చెక్కలు పెట్టి ఎక్కించండి. సిమెంటు నేలకైనా ఇది అవసరమే. కవరు అంచు నేలకు ఆనకూడదు. జానెడు ఎత్తులో ఆగితే కిందనుంచి గాలి ఆడుతుంది.

రేకులషెడ్డుకు ఇంకో జబ్బుంది. పొగమంచు రోజుల్లో రేకు లోపలివైపు చెమర్చి, తెల్లారేసరికి కారు మీద చినుకుల్లా రాలుతుంది. నూలుకవరు తడిసేది ఇక్కడే. రేకుకింద జానెడు సందు వదిలి తాటాకు తడికలు కట్టిస్తే ఆ చుక్క కిందికి రాదు. అది కుదరకపోతే నూలుకవరు మీద నాన్‌ఓవెన్ కవరు వెయ్యండి. ఈ జోడీకి ఖర్చు ఎక్కువే అయినా రేకుల కింద దీన్ని మించింది లేదు. పెంకుటింటి వసారా, తాటాకుపాక అయితే నూలు ఒక్కటీ చాలు.

కప్పేముందు కారు కడగాల్సిందే, కడిగాక ఆరాల్సిందే. తణుకు, మండపేట, తాడేపల్లిగూడెం లాంటి మిల్లుల ఊళ్ళవాళ్ళకు ఈ మాట గట్టిగా చెప్పాలి. ఊకబూడిదలో ఎక్కువభాగం సిలికా. ఆ బూడిద ఉన్న రంగు మీద కవరు లాగితే ఉప్పుకాగితంతో రుద్దినట్టే. కోనసీమలో కొబ్బరిపీచు పొడి గీతలు పెట్టదుగాని తేమను స్పంజిలా పట్టుకుంటుంది. డోర్ల అడుగున నీరు పోయే చిన్న కంతల్లో అది చేరిందంటే డోరు లోపలినుంచి పుచ్చుతుంది. కంతలను వెదురుపుల్లతో పొడిచి శుభ్రం చేయండి, ఇనపతీగ వాడొద్దు. కడిగాక ఎండలో రెండుగంటలు ఉంచి, డోర్లు, డిక్కీ తెరిచి ఆరబెట్టి, రంగుకు ఒక పూత మైనపు పాలిష్, నికెలుకు పల్చగా వాజలైన్ పట్టించాకే కవరు.

కవరును ఇద్దరు కలిసి వెయ్యాలి. చుట్టను టాపు మీద పెట్టి ముందుకూ వెనక్కూ దొర్లించుకుంటూ విప్పితే గుడ్డ రంగు మీద ఈడ్చుకోదు. తీసేటప్పుడు పక్కలను టాపు మీదికి మడిచి, వెనకనుంచి చుట్టుకుంటూ రావాలి. లోపలివైపు నేలకు తగిలితే ఒక్క ఇసుకరేణువు చాలు.

పది పదిహేను రోజులకోసారి కవరు తీసి, అద్దాలు దించి గాలి తగలనివ్వండి. ఉదయాన్నే తియ్యకండి. రాత్రి చల్లబడ్డ రేకు మీద ఉదయపు చెమ్మగాలి వెంటనే బొట్టు కడుతుంది. పొద్దున పదకొండు దాటి, రేకు చేతికి గోరువెచ్చగా తగిలాక తీసి, మూడింటికల్లా కప్పెయ్యండి. కప్పి ఉన్నప్పుడు కూడా అద్దాలు అరంగుళం దించే ఉంచాలి, లేకపోతే సీట్లకు బూజు పడుతుంది. తేమ పీల్చే కాల్షియం క్లోరైడ్ డబ్బాలు కారులో పెడితే తప్పకుండా లోతైన ప్లాస్టిక్ బేసినులో పెట్టండి. అందులో చేరే నీరు ఉప్పునీరే. ఒలికితే ఫ్లోరు రేకు తినేస్తుంది.

హ్యాండ్‌బ్రేకు వదిలి చక్రాలకు చెక్కలు అడ్డం పెట్టడం, బ్యాటరీ ఎర్తు తీగ ముందు విప్పడం, టైర్లలో గాలి కాస్త పెంచి కారును వారం పదిరోజులకోసారి ముందుకో వెనక్కో అడుగు జరపడం తెలిసినవే. ఎలుకల సంగతి మాత్రం అడగకుండానే చెప్పాలి. సార్వా కోతలయ్యాక పొలాల్లో గింజలేక అవి ఇళ్ళమీద పడతాయి. కవరు వాటికి వెచ్చటి గూడు. సైలెన్సరు గొట్టంలో, ఎయిర్ క్లీనర్ మూతిలో గిన్నెలు తోమే స్టీలు పీచు కుక్కి, స్టీరింగుకు ఎర్రగుడ్డ కట్టండి. స్టార్ట్ చేసేముందు పీచు తియ్యాలని ఆ గుడ్డే గుర్తుచేస్తుంది. షెడ్డులో ధాన్యం బస్తాలు ఉంటే ఇదంతా వృథా, బస్తాలనో కారునో ఒకదాన్ని వేరే చోటికి మార్చండి.

భోగినాటి తెల్లవారుజామున కారు ఆరుబయట ఉంటే పాలియెస్టర్, నాన్‌ఓవెన్ కవర్లు ముందురోజు రాత్రే తీసి లోపల పెట్టండి. మంటలోంచి ఎగిరిన నిప్పురవ్వ పడితే ఆ గుడ్డ కరిగి, ముద్దగా రంగుకు అంటుకుంటుంది. నూలుకు కరిగే గుణం లేదుగాని రాజుకుంటుంది, కాబట్టి దాన్నీ మంట దగ్గర ఉంచొద్దు.

నూలుకవరును సీజనులో రెండుసార్లు ఉతకాలి. సబ్బుపొడి తక్కువ వేసి, మూడు నీళ్ళు మార్చి జాడించండి. గుడ్డ మెత్తబడటానికి వేసే సువాసన ద్రావకాలు వెయ్యొద్దు, వాటి పూత పట్టిన నూలు తేమ పీల్చదు. సముద్రం దగ్గరి ఊళ్ళలో నూతినీరు ఉప్పగా ఉంటే చివరి జాడింపు మంచినీళ్ళతోనే కానివ్వండి. దండెం మీద తలకిందులుగా ఆరేసి, కుట్ల దగ్గర కూడా తడి లేదని చేత్తో చూశాకే కారు మీద వెయ్యండి.